కింద అంగడి ఖాళీ చేసిన మెస్ వాళ్ళకు అడ్వాన్స్‌లో ఎంత పట్టుకోవచ్చు? (బైరాగిపట్టెడ, తిరుపతి)

పైఇల్లు_తిరుపతి | 9 ఫిబ్రవరి 2025

అందరికీ నమస్కారం. వారం రోజులుగా నిద్ర లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

బైరాగిపట్టెడలో మా నాయన 2009లో కట్టించిన ఇల్లు మాది. పైన మేము ఉంటాము, కింద అంగడి. నాయన పోయాక ఆ బాడుగతోనే అమ్మ మందులు, తమ్ముడి కాలేజీ ఫీజు నడుస్తున్నాయి. 2018 నవంబరులో ఒక మెస్ వాళ్ళకు ఇచ్చాము. ఇప్పుడు బాడుగ నెలకు 32,000. అడ్వాన్స్ పది నెలలది, 3,20,000. అగ్రిమెంట్ 11 నెలలకే రాసుకున్నాము. రెండుసార్లు రెన్యూవల్ చేశాము, తర్వాత ఎవరమూ పట్టించుకోలేదు. జనవరి 31న ఖాళీ చేసి తాళాలు ఇచ్చారు.

లోపలికి వెళ్ళి చూస్తే నాకు ఏడుపొచ్చింది. వంటగదిలో టైల్స్ సగం పగిలిపోయాయి. వెనక గోడకు పొగ గొట్టం కోసం పెద్ద రంధ్రం కొట్టారు, మమ్మల్ని అడగలేదు. డ్రైనేజీ లైను నూనెతో గడ్డకట్టి నీళ్ళు వెనక్కి తంతున్నాయి. వంటగది వైరింగ్ కాలిపోయి స్విచ్ బోర్డు నల్లబడింది. పైకప్పు పెచ్చులూడి కమ్మీలు కనిపిస్తున్నాయి. గోడలన్నీ మసి. కాంట్రాక్టర్‌ను పిలిస్తే మొత్తానికి 2,85,000 ఎస్టిమేట్ ఇచ్చాడు. జనవరి బాడుగ, కరెంటు బిల్లు 8,600 కూడా వాళ్ళు కట్టలేదు. అన్నీ కలిపితే 3,25,600.

నేను మెస్ ఆయనకు ఫోన్ చేసి, అడ్వాన్స్ మొత్తం పోయింది, ఇంకా మీరే నాకు 5,600 ఇవ్వాలి అన్నాను. ఆయన గట్టిగా అరిచాడు. ఆరేళ్ళు వ్యాపారం చేస్తే అరగదా, ఇంత బాడుగ కట్టింది దేనికి అంటున్నాడు. గ్రానైట్ బండ తాను వేయించిందట, దాని డబ్బు కూడా ఇవ్వాలట. ఎవరిది న్యాయం?

---

గాంధీరోడ్_పాతఓనర్

ఒక్క రూపాయి ఇవ్వొద్దమ్మా. నాకు మూడు అంగళ్ళు ఉన్నాయి, ఇలాంటివాళ్ళను చాలామందిని చూశాను. ఖాళీ చేసేటప్పుడు అందరూ ఇట్లాగే మాట్లాడతారు. అడ్వాన్స్ తీసుకునేదే ఇందుకు.

---

కొర్లగుంట_టిఫిన్స్

అన్నా, మీ మాట నాకు బాధగా ఉంది. నేను కొర్లగుంటలో పదకొండేళ్ళుగా టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను, బాడుగ అంగట్లోనే. అడ్వాన్స్ అంటే మా ఆడవాళ్ళ నగలు కుదువపెట్టి తెచ్చిన డబ్బు. దానిమీద వడ్డీ కూడా రాదు మాకు. ఖాళీ చేసినరోజు ఆ డబ్బు చేతికొస్తేనే కొత్తచోట అడ్వాన్స్ కట్టగలం.

అక్కా, మీ బాధ కూడా అర్థమైంది. కానీ మెస్‌కు ఇచ్చినప్పుడు రోజూ మూడుపూటలా పొయ్యి వెలుగుతుందని మీకు తెలుసు కదా. గోడలు నల్లబడకుండా మెస్ ఎక్కడ నడుస్తుంది? పెయింటింగ్ డబ్బు అడగడం న్యాయం కాదు. డ్రైనేజీ మాత్రం ఆయన తప్పే. గ్రీజు ట్రాప్ (నూనె, జిడ్డు లైనులోకి పోకుండా ఆపే తొట్టి) పెట్టుకుని వారానికొకసారి ఎత్తిపోయాల్సింది. నేను పెట్టుకున్నాను, ఆరు వేలలో అయిపోయింది.

---

చిత్తూరు_లాయర్

ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది. చట్టం ఏమంటుందో చెప్తాను, తర్వాత మీరే లెక్క వేసుకోవచ్చు.

మొదట చూడాల్సింది అగ్రిమెంట్. అందులో రిపేర్ల గురించి ఏం రాసుకున్నారో అదే ముందు నిలబడుతుంది. అందులో లేని విషయాలకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108 వర్తిస్తుంది. బాడుగదారు ఆస్తిని తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే కాపాడి అప్పగించాలి. దీనికి రెండు మినహాయింపులు ఉన్నాయి. మామూలు వాడకంలో వచ్చే అరుగుదల ఒకటి, మనిషి ఆపలేని శక్తి వల్ల జరిగిన నష్టం ఇంకొకటి. బాడుగదారు గానీ, ఆయన పనివాళ్ళు గానీ చేసిన పని వల్ల, లేదా చేయాల్సింది చేయకపోవడం వల్ల లోపం వస్తే, ఓనర్ నోటీసు ఇచ్చిన మూడు నెలల్లో ఆయనే బాగుచేయించాలి. అదే సెక్షన్‌లో, కట్టడాన్ని పడగొట్టకూడదు, పాడు చేయకూడదు, ఓనర్ ఒప్పుకోకుండా శాశ్వత కట్టడం కట్టకూడదు అని కూడా ఉంది. వెనక గోడ రంధ్రం ఆయన మెడకే చుట్టుకుంటుంది.

అరుగుదల అనేది ఏ పనికి ఇచ్చారన్నదాన్ని బట్టి ఉంటుంది. బట్టల అంగడికి ఇచ్చి ఉంటే గోడల మసి నష్టం. మెస్‌కు ఇచ్చారు కాబట్టి మసి చాలావరకు అరుగుదలే. వైరింగ్ కాలిపోవడం మాత్రం ఎంత మెస్ అయినా అరుగుదల కాదు.

ఇంకొక మాట, ఇది చాలామంది ఓనర్లకు నచ్చదు. నష్టపరిహారం జరిగిన నష్టం మేరకే. టైల్స్ 2009వి, అంటే పదిహేనేళ్ళు దాటాయి. వాటి బదులు కొత్త టైల్స్ పూర్తి ఖరీదు వసూలు చేస్తే పాతదానికి కొత్తది లాభం వచ్చినట్టు. అగ్రిమెంట్‌లో "అడ్వాన్స్ మొత్తం జప్తు" అని రాసుకున్నా, 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం న్యాయమైన పరిహారమే దక్కుతుంది. రాసుకున్న మొత్తం దానికి గరిష్ఠ హద్దు మాత్రమే.

గ్రానైట్ బండ సంగతి. తాను బిగించినవి విప్పి తీసుకెళ్ళే హక్కు బాడుగదారుకు ఉంది, కానీ అంగడి తన స్వాధీనంలో ఉన్నంతవరకే. తాళాలు ఇచ్చేశాక ఆ హక్కు లేదు. తీసుకెళ్తే తీసిన చోటును మళ్ళీ పాత స్థితికి తేవాలి. కాబట్టి చట్టం ప్రకారం మీరు దానికి డబ్బు ఇవ్వక్కర్లేదు. మాట కలుపుకోవడానికి ఇస్తే అది మీ ఇష్టం.

ఒక ప్రశ్న. 2018లో అంగడి అప్పగించేటప్పుడు లోపల ఎలా ఉందో ఫొటోలు, కాగితం ఏమైనా ఉన్నాయా?

---

పైఇల్లు_తిరుపతి

సార్, చాలా థాంక్స్. ఫొటోలు లేవు. అప్పుడు నాయన ఉన్నారు, మాటమీద ఇచ్చేశారు. అగ్రిమెంట్‌లో "చిన్న రిపేర్లు బాడుగదారు, పెద్ద రిపేర్లు ఓనర్" అని ఒక్క లైను ఉంది. ఏది చిన్నది, ఏది పెద్దది అన్నది రాయలేదు.

---

చిత్తూరు_లాయర్

చిక్కంతా అక్కడే వస్తుందమ్మా. కోర్టుకు వెళ్తే "ముందు బాగుండేది" అని చూపించాల్సింది మీరు. ఇంట్లో ఏదైనా గృహప్రవేశం ఫొటో, అంగడి పూజ చేసిన ఫొటో దొరుకుతుందేమో వెతకండి. వెనకాల నేల, గోడ కనిపించినా చాలు. ఇప్పటి పరిస్థితి మాత్రం ఈరోజే వీడియో తీయండి. తీసిన ఫోన్‌ను మార్చకండి, అసలు ఫైలు చెరపకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద వీడియోకు సర్టిఫికెట్ జతచేయాలి, అప్పుడు అసలు ఫోన్ అవసరం పడుతుంది.

రిపేర్లు మొదలుపెట్టే ముందు ఆయన్ను పిలిచి చూపించండి. ఆయన చూడకముందే పగలగొట్టి కొత్తది వేస్తే, రేపు దేనికి డబ్బు పట్టుకున్నారో రుజువు చేయలేరు.

---

రేణిగుంట_మేస్త్రీ

అక్కా, ఇరవై రెండేళ్ళుగా ఈ పనే చేస్తున్నాను. మీ కాంట్రాక్టర్ ఎస్టిమేట్‌లో ఒక సంగతి నాకు అనుమానంగా ఉంది. పైకప్పు పెచ్చులు ఊడాయన్నారు. మెస్ పొగకు స్లాబు నల్లబడుతుంది గానీ పెచ్చులు ఊడదు. పెచ్చులు ఊడాయంటే లోపల కమ్మీ తుప్పు పట్టింది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి కింది కాంక్రీటును తోసేస్తుంది. కమ్మీకి తుప్పు రావాలంటే నీళ్ళు కావాలి. ఆ నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయి?

సరిగ్గా ఆ పైన మీ ఇంట్లో ఏముందో చూడండి. బాత్‌రూమ్ ఉంటే ఒక పని చేయండి. బాత్‌రూమ్ నేల తూము గుడ్డతో, సిమెంటుతో గట్టిగా మూసి, రెండు అంగుళాల నీళ్ళు నిలబెట్టండి. నలభై ఎనిమిది గంటలు ఉంచి కింద చూడండి. తడి దిగితే అది మీ బాత్‌రూమ్ లీకు. దిగకపోతే మెస్ వాళ్ళు గొట్టం వేలాడదీయడానికి స్లాబుకు కొట్టిన బోల్టులు చూడాలి.

ఎస్టిమేట్ కూడా ఒకేముద్దగా తీసుకోకండి. టైల్స్ ఎన్ని చదరపు అడుగులు, పైపు ఎన్ని అడుగులు, వైరు ఎన్ని మీటర్లు, కూలి ఎంత, విడివిడిగా రాయించండి. మొత్తం హాలుకూ టైల్స్ లెక్క వేసి ఉంటాడు.

వైరింగ్ మాత్రం చెప్పగలను. ఇళ్ళకు వేసే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మీద ఒక 16 ఆంప్స్ సాకెట్ నడుస్తుంది. ఒకే లైను మీద పెద్ద గ్రైండరు, డీప్ ఫ్రీజరు, గీజరు పెడితే వైరు వేడెక్కి పైన ఉన్న ప్లాస్టిక్ కరుగుతుంది. శాంక్షన్ లోడు, అంటే ఆ కనెక్షన్ మీద వాడటానికి అనుమతి ఉన్న కరెంటు, ఎంత ఉందో బిల్లు మీద ఉంటుంది, చూడండి.

---

పాలసీ_తిరుపతి

కాలినది స్విచ్ బోర్డుతో ఆగింది, దేవుడి దయ. నేను ఇన్సూరెన్స్ పని చేస్తాను కాబట్టి ఒకటి చెప్పాలి. బిల్డింగుకు పాలసీ ఓనర్ తీసుకోవాలి, లోపలి సరుకుకు, ఫర్నిచరుకు బాడుగదారు తీసుకోవాలి. చాలా అంగళ్ళలో ఇద్దరికీ ఉండదు. చిన్న వ్యాపారాలకు 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే ప్రామాణిక పాలసీ ఉంది, ఒకచోట ఉన్న ఆస్తి విలువ 5 కోట్లు దాటని వాళ్ళకు. మంటలు, తుఫాను, వరద అన్నీ అందులో వస్తాయి.

బాడుగదారులు తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఓనర్ పాలసీ నుంచి డబ్బు వచ్చేసింది, ఇక నాకు సంబంధం లేదు అనుకుంటారు. మీ నిర్లక్ష్యం వల్ల మంట వచ్చి ఉంటే, ఓనర్‌కు చెల్లించిన కంపెనీ ఆయన స్థానంలో నిలబడి ఆ డబ్బును మీ దగ్గర వసూలు చేయవచ్చు.

---

లక్ష్మీపురం_బట్టలు

2021 నవంబరు గుర్తుందా ఎవరికైనా? కపిలతీర్థం దగ్గర నీళ్ళు ఉరికి వచ్చిన ఆ వానలు. నాకు లక్ష్మీపురం సర్కిల్ దగ్గర సెల్లారులో బట్టల అంగడి ఉండేది. రాత్రి పదకొండుకు ఫోన్ వస్తే పరిగెత్తాను, మెట్ల దగ్గరే నడుము లోతు. సరుకు పోయింది, దానికి ఎవరిని అనగలం. కానీ నెల తర్వాత ఓనర్ గోడలు ఉబ్బాయి, చెక్క పలకలు పోయాయి అని 80,000 అడ్వాన్స్‌లో కోసుకున్నాడు. అప్పుడు నాకు చట్టం తెలియదు. ఏడ్చి ఊరుకున్నాను. ఆ నష్టం నాది కాదు అని లాయర్ గారి మాట చదివాక ఇప్పుడు తెలిసింది.

సార్, ఇప్పుడు అడగవచ్చా?

---

చిత్తూరు_లాయర్

వరద నీళ్ళు బయటినుంచి వచ్చి ఉంటే, ఆ నష్టం భరించమని మిమ్మల్ని అడగడానికి వీల్లేదు. నీళ్ళు పోయే తూమును మీ అట్టపెట్టెలు మూసేసి ఉంటే అప్పుడు వేరే మాట. డబ్బు వెనక్కి అడగడానికి గడువు మూడేళ్ళు. మీకు ఆ డబ్బు ఎప్పుడు కోసేశారో ఆ తేదీ నుంచి లెక్క. 2021 డిసెంబరు నుంచి మూడేళ్ళు దాటాయి, కానీ కోవిడ్ వల్ల 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని సుప్రీంకోర్టు గడువు లెక్కలోంచి తీసేసింది కాబట్టి మీకు ఈ నెలాఖరు దాకానే సమయం ఉంది, వెంటనే ఎవరైనా లాయర్‌ను కలవండి. ఓనర్ రాతపూర్వకంగా ఏమైనా ఒప్పుకుని ఉంటే ఆ కాగితం కూడా తీసుకెళ్ళండి.

---

లక్ష్మీపురం_బట్టలు

కాగితం ఏదీ లేదు సార్. సరే.

---

శ్రీకాళహస్తి_మెడికల్స్

నాది వేరే సందేహం. రాత్రి ఎవరో లారీ వెనక్కి తీస్తూ మా అంగడి షట్టర్‌ను గుద్దాడు. ఓనర్ నన్నే వేయించమంటున్నాడు.

---

చిత్తూరు_లాయర్

లారీ నంబరు ఉంటే పోలీసు ఫిర్యాదు ఇవ్వండి, లారీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మీద ఆస్తి నష్టానికి క్లెయిమ్ వేయవచ్చు. షట్టర్ ఓనర్‌ది కాబట్టి ఆయన కూడా సంతకం పెట్టాలి. ఇద్దరూ కలిసి వెళ్ళండి, ఒకరినొకరు తోసుకుంటే లారీవాడు తప్పించుకుంటాడు.

---

గాంధీరోడ్_పాతఓనర్

లాయర్ గారూ, నేను ఒప్పుకోను. ఇట్లా అరుగుదల, పాతది, సగం అని లెక్కలు వేస్తే ఓనర్‌కు మిగిలేదేముంది? అంగడి రెండు నెలలు ఖాళీగా ఉంటే ఆ బాడుగ ఎవరిస్తారు?

---

చిత్తూరు_లాయర్

మీ కోపం న్యాయమైనదే సార్. బాడుగదారు చేసిన నష్టం వల్లే అంగడి ఖాళీగా ఉందని చూపగలిగితే, రిపేరుకు పట్టే న్యాయమైన రోజుల బాడుగ అడగవచ్చు. రిపేరు పది రోజుల పని అయితే రెండు నెలలది అడగలేరు. ఇంకొకటి, ఈ బైరాగిపట్టెడ అంగట్లోకి ఆరేళ్ళలో ఓనర్ ఒక్కసారి కూడా వెళ్ళి చూసినట్టు లేదు. న్యాయమైన వేళల్లో వెళ్ళి తనిఖీ చేసే హక్కు చట్టం ఓనర్‌కు ఇచ్చింది. ఏడాదికి ఒకసారి చూసి ఉంటే డ్రైనేజీ ఈ స్థితికి వచ్చేది కాదు.

---

పైఇల్లు_తిరుపతి | 16 ఫిబ్రవరి 2025

వారం తర్వాత రాస్తున్నాను. మేస్త్రీ అన్న చెప్పినట్టు బాత్‌రూమ్‌లో నీళ్ళు నిలబెట్టాము. ఇరవై గంటలకే కింద తడి మచ్చ వచ్చింది. రెండోరోజు పొద్దున చుక్కలు పడుతున్నాయి.

మా బాత్‌రూమ్ లీకే. పైకప్పు రిపేరు 70,000 అని ఎస్టిమేట్‌లో ఉంది, దాన్ని నేను ఆయన నెత్తిన వేశాను. ఇంకో సంగతి, అమ్మను అడిగితే రెండేళ్ళ కింద ఆయన పైకి వచ్చి "పెద్దమ్మా, సీలింగు కారుతోంది" అని చెప్పాడట. అమ్మ నాతో చెప్పడం మరిచిపోయింది. చాలా సిగ్గేసింది నాకు. వెంటనే ఫోన్ చేసి, అన్నా, పైకప్పు సంగతి మాదే తప్పు, ఆ డబ్బు తీసేస్తున్నాను, మిగతావి ఒకసారి వచ్చి చూడండి అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆదివారం వస్తానన్నాడు.

ఫొటో కూడా దొరికింది. 2018లో మెస్ ప్రారంభం రోజు వాళ్ళే పిలిస్తే మా నాయన కొబ్బరికాయ కొడుతున్న ఫొటో. వెనకాల టైల్స్, గోడ అంతా బాగా కనిపిస్తోంది. నాయనను చూసి చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

---

కొర్లగుంట_టిఫిన్స్

అక్కా, ఆ ఫోన్ చేయడం పెద్ద విషయం. నా అనుభవంలో ఏ ఓనరూ అలా చెప్పలేదు. ఆయన కచ్చితంగా మెత్తబడతాడు.

---

చిత్తూరు_లాయర్

కూర్చున్నప్పుడు ఒక్కొక్క ఐటమ్ మీద ఇద్దరూ సంతకం పెట్టండి. చివర్లో "ఇక ఎవరికీ ఎవరిమీదా బాకీ లేదు" అని రాయండి. డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. కుదరకపోతే నోటీసులకు, కేసుకు పరిగెత్తే ముందు న్యాయ సేవాధికార సంస్థ దగ్గర దరఖాస్తు ఇచ్చి లోక్ అదాలత్‌లో పెట్టుకోండి. కేసు వేయకముందే వెళ్ళవచ్చు, కోర్టు ఫీజు లేదు. అక్కడ ఒప్పుకున్నది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు.

---

పైఇల్లు_తిరుపతి | 24 ఫిబ్రవరి 2025

అయిపోయింది. నిన్న ఆయన, ఆయన భార్య వచ్చారు. మా వీధిలోని ఎలక్ట్రీషియన్ మామను, ఇంకో ప్లంబర్‌ను పిలిచాము. మూడు గంటలు పట్టింది. లెక్క ఇలా తేలింది.

జనవరి బాడుగ 32,000, కరెంటు బిల్లు 8,600, వీటి మీద గొడవ లేదు. డ్రైనేజీ తవ్వి చూస్తే చాంబరు నుంచి రోడ్డు దాకా పైపులో నూనె రాయిలా గట్టిపడింది, పైపు మార్చాల్సిందే. 38,000 ఆయన ఒప్పుకున్నారు. వైరింగ్ 26,000 దగ్గర కాస్త వాదన జరిగింది. శాంక్షన్ లోడు 5 కిలోవాట్లే, ఆయన వాడినవి లెక్కపెడితే దానికి రెట్టింపు. మామ కాగితం మీద వేసి చూపించాక ఒప్పుకున్నారు. గోడ రంధ్రం మూయడానికి 9,000.

టైల్స్ వంటగదికి మాత్రమే తీసుకుంటే 52,000. పాతవి కాబట్టి సగం, 26,000. హాలు టైల్స్, గోడల పెయింటింగ్ నేను వదిలేశాను. వంటగది గోడల జిడ్డు గీకి ప్రైమర్ కొట్టడానికి మాత్రం 8,000 అడిగాను, ఆమె "అది ఇవ్వాల్సిందే" అని ఆయన్ను ఒప్పించింది.

అన్నీ కలిపి 1,47,600. అడ్వాన్స్‌లో అది పోతే 1,72,400. గ్రానైట్ బండ కొత్తవాళ్ళకు పనికొస్తుంది కాబట్టి నా ఇష్టంతో 12,000 కలిపి 1,84,400 ఈరోజు పొద్దున ఆయన ఖాతాకు వేశాను. సంతకాలు అయ్యాయి. వెళ్ళేటప్పుడు అమ్మ ఆమెకు బొట్టు పెట్టి జాకెట్టు గుడ్డ ఇచ్చింది.

మొదట నేను అడిగినట్టే మొండిగా కూర్చుని ఉంటే ఇప్పుడు ఎక్కడ ఉండేవాళ్ళమో తెలియదు.

---

గాంధీరోడ్_పాతఓనర్

మంచి పని చేశావమ్మా. నేనైతే హాలు టైల్స్ కూడా అడిగేవాడిని. కానీ ఆ పైకప్పు పరీక్ష నా మూడో అంగట్లో కూడా చేయించాలి. అక్కడ బాడుగవాళ్ళు రెండేళ్ళుగా కారుతోందని అంటున్నారు, నేను నమ్మలేదు.

---

పైఇల్లు_తిరుపతి

మార్చిలో ఒక బేకరీ వాళ్ళు వస్తామంటున్నారు. లాయర్ సార్, ఈసారి అగ్రిమెంట్‌లో ఏం రాయించాలి?

---

చిత్తూరు_లాయర్

బేకరీ అంటే ఓవెన్ వేడి, బరువు, కరెంటు. మూడు ఫేజుల లైను ఎవరు వేయించాలి, ఆ డిపాజిట్ ఎవరిది అన్నది మొదట తేల్చండి. "చిన్న, పెద్ద" అని రాయకుండా పేర్లతో రాయించండి: కొళాయిలు, స్విచ్చులు, డ్రైనేజీ శుభ్రం బాడుగదారు, స్లాబు, బయటి గోడలు, పైనుంచి వచ్చే లీకు ఓనర్. గోడకు, స్లాబుకు రంధ్రం కొట్టాలంటే ముందుగా రాతపూర్వక అనుమతి. ఆరు నెలలకొకసారి ముందుగా చెప్పి లోపల చూడటం. అప్పగించేరోజు గదివారీగా ఫొటోలు తీసి, వాటి మీద ఇద్దరి సంతకాలు. ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో లెక్క తేల్చి అడ్వాన్స్ ఇస్తారో కూడా రాయండి. బాడుగదారుకు కూడా భరోసా కావాలి. అగ్రిమెంట్‌ను రిజిస్టర్ కూడా చేయించండి.

---

రేణిగుంట_మేస్త్రీ

అక్కా, అగ్రిమెంట్ కంటే ముందు ఒక పని ఉంది. పైన బాత్‌రూమ్ టైల్స్ తీసి వాటర్‌ప్రూఫింగ్ చేయించండి. కమ్మీల తుప్పు బ్రష్‌తో గీకించి, తుప్పు మందు పూయించి, ఆ తర్వాతే కింద సిమెంటు పట్టించండి. తుప్పు మీదే పూత వేస్తే ఏడాదిలో మళ్ళీ ఊడి బేకరీవాళ్ళ నెత్తిన పడుతుంది. పని అయ్యాక మళ్ళీ రెండు రోజులు నీళ్ళు నిలబెట్టి చూడండి. బుధవారం శివరాత్రి, గురువారం నేను బైరాగిపట్టెడ వైపు వస్తున్నాను. కావాలంటే చూసి చెప్తాను, డబ్బులేమీ వద్దు.

---

పైఇల్లు_తిరుపతి

తప్పకుండా రండి అన్నా. గురువారం పొద్దున పదింటికి ఇంట్లోనే ఉంటాము.